ఎలుకలకు ఇఫ్తార్

ముంజియా కుంచె కొసతో ఎలుక మెదడు పొరను గాజు పలక మీదికి జార్చింది. ఉల్లిపొర దానికంటే మందం. చలిపెట్టెలోని బ్లేడు ముందు ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు; పొరలు చిరిగి చిరిగి అవే నేర్పాయి.

మునస్తీర్ ఊళ్లో ఆమె పనిచేసే ప్రయోగశాలకు పెద్ద డాక్టర్ రిధా. ఆయన చెప్పేది ఇది: మెదడులోని రక్తనాళాల గోడల్లో ఉండే కణాలు కాపలావాళ్లు. చక్కెర వాటి తలుపుల్లోంచే లోపలికి పోవాలి. రక్తంలో చక్కెర చాన్నాళ్లు తక్కువైతే, మెదడు పస్తుండకుండా అవి మరిన్ని తలుపులు పెడతాయి. రుజువు కోసం ఒక బోనుకు నిండుగా, ఒక బోనుకు అరకొరగా మేత. ఆ తలుపులకు పట్టే రంగు వేస్తే అరకొర బోను నాళాలు ఎక్కువ ఆకుపచ్చగా మెరవాలి.

రెండూ ఒకేలా మెరిశాయి.

"నీ కోత మందమైంది ముంజియా," అన్నాడు డాక్టర్. బ్లేడుకు పదును ఏ వైపో ఎరగని ఆయన కోత మీద చక్కటి ఉపన్యాసమే ఇచ్చాడు. "మళ్లీ ఇలాగే వస్తే ఈ పని స్ఫాక్స్ ఊరి ప్రయోగశాల వాళ్లకిచ్చేస్తాను."

ఆమె బ్లేడు మార్చింది. రంగు కొత్తగా కలిపింది. చివరికి తన చేతినీ అనుమానించింది. ఫలితం మారలేదు.

ఇంకో ఎలుక కోసం జంతువుల గదికి వెళ్లింది. అరకొర బోనులో ఎలుకలు పెళ్లివారిలా నిగనిగలాడుతున్నాయి. బోనులో పరిచిన గడ్డి ఆమె చేతివేళ్లకు అంటుకుంది. వాకిట్లో కాపలాదారు ఖమైస్ తస్బీ పూసలు తిప్పుతున్నాడు.

"బాబాయ్, గడ్డికి ఈ జిగురేంటి?"

"జ్లాబియా మిఠాయి పాకం తల్లీ. ఉపవాసమున్నవాళ్లకు ఇఫ్తార్ పెడితే వాళ్ల పుణ్యమంత మనకీ వస్తుంది కదా. ఇక్కడ బోనెడు ఉపవాసాలు. రోజూ పొద్దుగూకగానే పెడుతున్నా."

"అవి ఎలుకలు బాబాయ్."

"అయితేనేం? మన గుమాస్తాలా పగలు చాటుగా సిగరెట్లు తాగవుగా."

"మరి పక్క బోనుకో?"

"అవా? రంజాన్ నెలలో పట్టపగలు మేస్తాయి. సిగ్గులేని సంత. వాటికి నేనెందుకు పెడతాను?"

ఆకలి పసిగట్టి తలుపు తీసే కాపలావాడు రక్తనాళంలో ఉన్నాడో లేడో గానీ, వాకిట్లో మాత్రం నిక్షేపంలా ఉన్నాడు.

"సంకల్పం లేని ఉపవాసం చెల్లదు కదా బాబాయ్. ఏ ఎలుక చెప్పుకుంది సంకల్పం?"

ఖమైస్ తస్బీ ఆగింది. "అయితే నా జ్లాబియా అంతా దండగేనా?"

"దేవదూతలు దానం కింద రాసుకుంటారులే. ఇక పెట్టకు."

సంగతి చెబితే, "నేను ముందే అనుమానించాను," అన్నాడు డాక్టర్.

కొత్త ఎలుకలు వచ్చాయి. ఈసారి బోను తాళంచెవి ముంజియా కోటు జేబులో ఉంది. పండగ వెళ్లాక ఆమె మళ్లీ కోసింది, అదే చేత్తో, అంతే మందాన. అరకొర బోను నాళాలు వాన వెలిసిన పొలంలా మెరిశాయి.

డాక్టర్ మైక్రోస్కోపులోంచి తలెత్తాడు. "చూశావా, పల్చగా కోస్తే ఎంత తేడానో."

ముంజియా పలకలన్నీ వరసగా పెట్టెలో సర్ది, మూత నొక్కి, ఆయన చేతికిచ్చింది.