పై వాటా పిన్నిగారి సినిమా పెట్టె

మా పై వాటా పిన్నిగారు పోయారు. పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున, ఆఫీసు బస్సు ఊరి బయట మందిర్ హసౌద్ దాటుతుండగా ఇంటి యజమాని భార్య ఫోన్ చేసింది. “భాభీ, ఆంటీజీ దర్వాజా నహీ ఖోల్ రహీ. దూధ్ కా ప్యాకెట్ వైసే హీ టంగా హై” అంది. తలుపు తియ్యడం లేదు, పాల ప్యాకెట్టు గుమ్మానికి వేలాడుతూనే ఉందని. ఆరింటికల్లా ఆ ప్యాకెట్టు లోపలికి తీసుకోకపోతే పిన్నిగారికి తోచదు. సంగతి నాకు అప్పుడే అర్థమైపోయింది. బస్సు ఆపించి దిగి, ఆటో పట్టుకుని మోవాలో ఇంటికి చేరేసరికి గడియ విరగ్గొట్టేశారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. “అదృష్టవంతురాలు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయింది.” నాకు ఒళ్లు మండింది. ఇబ్బంది పెట్టడానికైనా పక్కన మనిషంటూ ఉండాలి కదా.

పిన్నిగారు మాకు చుట్టం కాదు. పదకొండేళ్ల కిందట మేం ఈ ఇంటికి అద్దెకి వచ్చిన రోజున, మెట్ల మీద నిలబడి సామాన్లు దింపించుకుంటున్న నన్ను చూసి, “తెలుగువాళ్లేటమ్మా? అమ్మయ్య” అన్నారు. ఆ అమ్మయ్యకే పిన్నిగారైపోయారు. విజయనగరం పిల్ల, పెళ్లయి రాయ్‌పూర్ వచ్చి, రైల్వే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. భర్త గూడ్సు బండి గార్డు. మేం రాకముందే పోయారు. పిల్లలు లేరు.

ఆ ఉద్యోగం వదిలినా ఆ ఉద్యోగం ఆవిడను వదల్లేదు. ఫోన్ తీస్తే “హలో” అనరు, “చెప్పండి” అంటారు. పొయ్యి మీద పాలు పొంగితే ఫోన్లో “హోల్డ్ చెయ్యండి” అని చెప్పి వెళ్లి మరీ వస్తారు. “ఇద్దరిని కలపడం మన పని. కలిపాక హెడ్‌ఫోన్ తీసెయ్యాలి. వినడం మన పని కాదు” అని ఎన్నిసార్లు చెప్పారో. కొత్తగా చేరిన ఆడపిల్లలకి ఇదే మొదటి పాఠంగా చెప్పేవారట.

ఆ గార్డు బాబాయిగారు బతికున్నన్నాళ్లూ విశాఖ వెళ్లినప్పుడల్లా సినిమా డిస్కులు కొని తెచ్చేవారు. ఇక్కడి హాళ్లలో తెలుగు బొమ్మ పడేది తక్కువ. అలా ఒక ట్రంకు పెట్టె నిండింది. ఆయన పోయాక ట్రంకు అలాగే ఉండిపోయింది. మేం వచ్చిన ఏడాదికి ఒకరోజు ఆవిడ కిందికి దిగి వచ్చి అడిగారు.

“ఏటమ్మా, నువ్వు కంప్యూటర్ల ఆఫీసు కదా. ఈ డిస్కులన్నీ ఒక పెట్టెలో పోసెయ్యొచ్చేటి?”

“పొయ్యొచ్చు పిన్నీ. కానీ మీ ఒక్కరికీ అంత అవసరమా?”

“నా ఒక్కదానికైతే బిల్కుల్ ఒద్దు. ఒక్కదాన్నీ కూచుని సినిమా చూళ్లేనమ్మా. నవ్వొచ్చే చోట పక్కకి చూస్తాను. గోడ ఉంటాది. మీరందరూ వస్తానంటే చెప్పు, చేద్దాం.”

వస్తామన్నాను. మా భవనంలోనూ పక్క భవనంలోనూ కలిపి నాలుగు తెలుగు కుటుంబాలం. అందరూ వస్తామన్నారు.

పాత ఆఫీసు కంప్యూటర్లు అమ్మే కొట్టుకి ఇద్దరం వెళ్లాం. నేను లోపల ఏ చిప్పుందో, మెమరీ ఎంతుందో చూస్తున్నాను. ఆవిడ మాత్రం ఒక్కొక్కటే ఆన్ చేయించి, డబ్బాకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటున్నారు. ముప్ఫై ఏళ్లు హెడ్‌ఫోన్ మోసిన చెవి అది. “యే ఖర్రాటా మార్ రహా హై, భైయా.” ఇది గురక పెడుతోంది, ఇంకోటి. “ఇస్కో జుకామ్ హై.” దీనికి జలుబు, ఇంకోటి. ఆరు డబ్బాలయ్యాక కొట్టతను నవ్వేశాడు. “మాతాజీ, మెషీన్ లే రహీ హో కి దూల్హా?” కంప్యూటరు కొంటున్నావా, పెళ్లికొడుకునా అని. ఆవిడ కళ్లు తెరవకుండానే జవాబు చెప్పారు. “దూల్హే కే ఖర్రాటే కీ తో ఆదత్ పడ్ జాతీ హై, బేటా.” మొగుడి గురకైతే అలవాటైపోతుంది నాయనా, దీనిది కాదు అని. ఏడోది తీసుకున్నాం. బియ్యం డబ్బా అంత ఉండే నల్ల పెట్టె. సినిమాలు దాచే హార్డ్ డిస్కు మాత్రం కొత్తది వేయించాను. ఫ్యాను లేని వీడియో కార్డు ఒకటి సెకండ్ హ్యాండులో దొరికింది. సాఫ్ట్‌వేరు డబ్బు కట్టనక్కర్లేనిదే ఎక్కించాను.

మొదటి ఎండాకాలం పెట్టె మమ్మల్ని ఏడిపించింది. మే నెలలో రాయ్‌పూర్ ఎండకి మనుషులే ఆగిపోతారు, అదెంత? క్లైమాక్సులో టప్పున ఆరిపోయేది. నేను ఇంకో ఫ్యాను కొందామంటే పిన్నిగారు వినలేదు. మూత ఊడదీసి, పకోడీలు వార్చే పెద్ద జల్లెడ బోర్లించి, పెట్టెను దాని మీద కూర్చోబెట్టారు. కింద నుంచి గాలాడింది. ఆ తర్వాత ఒక్కసారీ ఆరిపోలేదు. ఇంజనీరింగు చదివిన నాకు జల్లెడ తట్టలేదని మా ఆయన ఇప్పటికీ ఆట పట్టిస్తారు.

ట్రంకులోని సినిమాలు పెట్టెలోకి ఎక్కించడానికి ఆవిడకు దాదాపు ఏడాది పట్టింది. రోజుకొక డిస్కు. పండరీ బట్టల బజారులో కొన్న మల్లు గుడ్డతో తుడిచి, వెలుతురుకి పట్టి గీతలు చూసి, అప్పుడు పెట్టేవారు. ఎక్కాక మొదటి రెండు నిమిషాలే చూసి ఆపేసేవారు. మొత్తం చూడొచ్చు కదా పిన్నీ అంటే, “ముందే చూసేస్తే మీతో చూసినట్టుంటాదేటి?” అన్నారు.

ఆదివారం మూడింటికి పైకి వెళ్లేవాళ్లం. చాప, రెండు కుర్చీలు, ఒక మంచం. ఎండాకాలమైతే కూలరు హోరు, దాన్ని మించి సౌండు పెట్టుకోవడం. పిన్నిగారు టీవీ పక్కన పీట వేసుకుని కూర్చునేవారు, తెరకు పక్కవాటుగా, ముఖం మా వైపు పెట్టి. అలా కూర్చుంటే బొమ్మ ఏం కనిపిస్తుంది? నాకు చాలాకాలం తెలియలేదు. ఆవిడ సినిమాని మా ముఖాల్లో చూసేవారు. ఎవరు ఎక్కడ నవ్వారో, ఎవరు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారో, అంతా సోమవారం దాకా గుర్తుండేది. ఇంటర్వెల్లో “హోల్డ్ చేస్తున్నాను” అని ప్రకటించి పకోడీలు తెచ్చేవారు.

ఇక నా తెలివితేటల గురించి చెప్పాలి. రెండేళ్లు అలా గడిచాక మా పాప పుట్టింది. పిల్లను వేసుకుని ముప్ఫై రెండు మెట్లు ఎక్కడం, సినిమా మధ్యలో అది ఏడిస్తే దిగడం. నాకో ఆలోచన వచ్చింది. పెట్టెలోంచి సినిమా నేరుగా ఎవరింటి టీవీకి వాళ్లకి పంపొచ్చు కదా? డాబా మీదుగా రెండు వైర్లు, నీళ్ల గొట్టం వెంట కిందికి రెండు, అంతే. నలుగురూ చప్పట్లు కొట్టారు. పిన్నిగారు ఒక్క మాట అడిగారు.

“మరి ఇక్కడికి రారేటి?”

“ఎందుకు రాం పిన్నీ? రాలేని వారం ఇంట్లో చూసుకుంటాం, అంతే.”

“ఠీక్ హై” అన్నారు. అని ఊరుకోలేదు, నాతో పాటు డాబా ఎక్కి వైరు పట్టుకున్నారు. ప్రతి వైరుకీ గుడ్డ పట్టీ చుట్టి, ఏ ఇంటిదో సిరాతో రాశారు. ఎక్స్‌ఛేంజిలో అలాగే రాసేవారట.

తర్వాతి ఆదివారం రాలేని వారమే అయింది, అందరికీ. ఒకరు ఎలాగూ వెళ్తారు కదా అని నలుగురమూ అనుకున్నాం. మేం కింద కాళ్లు చాపుకుని, దుప్పటి కప్పుకుని, మాకిష్టమైన చోట ఆపుకుంటూ హాయిగా చూశాం. ఇంటర్వెల్ వేళకి పిన్నిగారు మెట్లు దిగి వచ్చారు, చేతిలో పకోడీల పళ్లెం. అలాంటివే పక్క భవనానికీ పంపారని తర్వాత తెలిసింది. పన్నెండు మందికి సరిపడా వేశారన్నమాట. “బొమ్మ బాగా వస్తోందా? సౌండు?” అని గుమ్మంలోంచే అడిగి వెళ్లిపోయారు. లోపలికి రండి పిన్నీ అని నేను అన్నానో లేదో గుర్తులేదు. అని ఉంటే గుర్తుండేది.

ఆ పైవారం వెళ్లాలనుకున్నాను. వెళ్లలేదు. ఆ తర్వాత వెళ్లకపోవడం అలవాటైంది. సిగ్గేసి ఒకసారి మెట్ల మీద ఆపి, “ఈమధ్య రాలేకపోతున్నాం పిన్నీ, ఏమీ అనుకోకండి” అన్నాను. ఆవిడ నవ్వారు. “ఎంగేజ్ వస్తే తిట్టుకోకూడదమ్మా. అవతల మనుషులు మాట్లాడుకుంటున్నారని సంతోషించాలి” అన్నారు. ఎంత మంచి మాట అనుకుని, ఇంటికొచ్చి మా ఆయనకి కూడా చెప్పాను. ఆ మాట విని ఆ వారమైనా పైకి వెళ్లాలని మాత్రం తోచలేదు.

పెట్టె మాత్రం ఎప్పుడూ ఆగలేదు. దుమ్ము దులిపేవారు, హార్డ్ డిస్కు నిండితే ఇంకోటి వేయించేవారు. విజయనగరం నుంచి అన్న కూతురు పంపే కొత్త సినిమా డిస్కులు, మా పాప కోసం కార్టూన్లు ఎక్కించేవారు. ఈలోగా ఫోన్లలో డేటా చవకైపోయింది. పక్క భవనంవాళ్లు ఇద్దరూ వైర్లు పీకేసుకున్నారు. మాకూ పిన్నిగారికీ మధ్య అంతస్తువాళ్లు ఇల్లు మారారు. మిగిలింది మా ఇల్లొకటే. సోమవారం మెట్ల మీద కనిపిస్తే, “నిన్నటి సినిమాలో ఆ తాగుబోతు వేషగాడు భలే నవ్వించాడు కదేటి” అనేవారు. మేం ఏది చూశామో ఈవిడకి ఎలా తెలుసు, సౌండు వినిపిస్తుంది కాబోలు అనుకునేదాన్ని.

పన్నెండో రోజు అయ్యాక, విజయనగరం తిరిగి వెళ్లబోతూ పిన్నిగారి అన్న కూతురు నన్ను పైకి పిలిచింది.

“అక్కా, ఈ పెట్టె మీరే ఉంచుకోండి. మాకు దీన్ని ఎలాగ వాడాలో తెలీదు.”

తీసుకునే ముందు, పిన్నిగారి ఫొటోలేవైనా అందులో ఉంటే ఆ అమ్మాయికి ఇద్దామని టీవీ ముందు కూర్చున్నాను. ఆ సాఫ్ట్‌వేరులో పెట్టె యజమానికి మాత్రమే తెరుచుకునే పేజీ ఒకటుంది. ఏ ఇంట్లో ఏ సినిమా ఎప్పుడు మొదలైందో, ఏ నిమిషం దగ్గర ఆగిందో అందులో వరసగా ఉంటుంది. అప్పటికప్పుడు ఎవరు ఏం చూస్తున్నారో కూడా కనిపిస్తుంది. ఎప్పుడో వైరు పాడైనప్పుడు నేనే ఆవిడకి చూపించాను, నేను మరిచిపోయాను. అందులో మా ఇంటి పేరు “కింది వాటా”. ఆవిడ టీవీ పేరు “హాలు”.

కింది వాటాలో మూడూ పదికి ఒక సినిమా మొదలైంది. హాల్లో మూడూ పన్నెండుకి అదే సినిమా. మేం టీకి లేచి ఆపితే, నిమిషం తేడాలో అక్కడా ఆగింది. మళ్లీ పెడితే అక్కడా నడిచింది. మా పాప ఒకే కార్టూను నెలల తరబడి చూసింది, మేమే విసుగెత్తి పక్క గదిలోకి పోయేవాళ్లం. పాప చూసినన్నిసార్లూ అది హాల్లోనూ నడిచింది. నేను వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుకుంటూ పోయాను. ఏళ్ల తరబడి అన్నీ జంటలే. హాలు అన్న పేరు ఎక్కడా ఒంటరిగా లేదు.

మెట్లు దిగి వచ్చి మా పక్కన కూర్చుంటే ఎవరు కాదన్నారు అని ముందు కోపం వచ్చింది. రమ్మన్నామా అని తర్వాత తోచింది. ఇన్నేళ్లలో ఒక్క ఆదివారం, ఒక్కసారి, “పిన్నీ, మా ఇంట్లో చూద్దాం రండి” అని నోటితో అనలేదు. ఆ అమ్మాయి వెనకాలే నిలబడి ఉండడంతో ఏడవడానికి కూడా వీలు కాలేదు.

అన్నిటికంటే పైన ఉన్నది ఆఖరి సినిమా. ఆవిడ పోవడానికి పది రోజుల ముందు ఆదివారం మేం మొదలుపెట్టింది. కింది వాటాలో యాభై రెండో నిమిషం దగ్గర ఆగింది. హాల్లోనూ యాభై రెండో నిమిషమే. మధ్యలో వచ్చిన ఆదివారం మేం భిలాయిలో పెళ్లికి వెళ్లాం. ఆ పది రోజులూ హాల్లో ఏమీ నడవలేదు. మేం మళ్లీ పెడతామని ఆగారు.

మేం పెట్టేవాళ్లం కాదు. పనిపడి ఆపలేదు, చుట్టాలొచ్చి ఆపలేదు. బోరు కొట్టి వదిలేశాం. ఆ సంగతి పైకి వెళ్లి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. తెర మీద, సినిమా ఎంత నడిచిందో చూపే రెండు గీతలు, ఒకదాని కింద ఒకటి, సగం కూడా నిండకుండా ఒకే చోట ఆగి ఉన్నాయి.