నేను నోరు మెదపని వారం

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. నాయుడుపేటలో లెక్కల టీచర్‌ని. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం చెబుతాను.

ఏళ్ల తరబడి క్లాసులో అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. స్వరపేటికలో చిన్న కండ పెరిగిందని నెల్లూరులో డాక్టరుగారు ఆపరేషన్ చేసి తీసేశారు. వారం పాటు మాట్లాడకూడదన్నారు. గుసగుస కూడా గొంతుకు భారమేనట. ఏం కావాలన్నా ఫోన్‌లో టైపు చేసి మా ఆయనకు చూపించేదాన్ని.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, ఆపరేషన్ సంగతి ఇంకా తెలియని మా అన్న రమణయ్య చెప్పాపెట్టకుండా వచ్చాడు. అన్న జువ్వలదిన్నె హార్బరు దగ్గర పడవలకు ఐసు అమ్ముతాడు. అప్పటికి రెండు నెలలుగా దగ్గు, గొంతు జీర. డాక్టరుకు చూపించుకోమంటే సముద్రపు గాలి పడలేదంటాడు. మిరియాల పాలు తాగుతాడు, వెంటనే సిగరెట్టు ముట్టిస్తాడు.

గుమ్మంలోనే నిలబడి, "ఏందిమే, అంత గట్టిగా పిలిచి యాడికి పోయినావు?" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు.

పొద్దున ఐసు ఎత్తిస్తుంటే వెనకనుంచి నా గొంతు వినిపించిందట. "అన్నా, గొంతు చూపించుకో" అని. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మళ్లీ అదే మాట. బొంగురు లేదట, పెళ్లికి ముందు నాకున్న గొంతేనట. పక్కనే ఉన్న వదిన కూడా విని, "సుజాత వచ్చినట్టుందే" అందట. కోపమొచ్చి వెళ్లిపోయానేమోనని అన్న బస్సెక్కాడు.

నేను తల అడ్డంగా ఊపాను. అన్న మా ఆయన వైపు తిరిగాడు.

"బావా, నిజం చెప్పు. ఇది ఇంట్లోనే ఉన్నిందా?"

"ఇంట్లోనే ఉన్నింది బావా. ఆపరేషను అయినకాడినుంచి దానికి మాటే లేదు."

నేను ఫోన్ తీసి, రేపే నెల్లూరు పోదామని టైపు చేసి చూపించాను. ఈసారి అన్న కాదనలేదు.

డాక్టరుగారు గొంతులోకి కెమెరా గొట్టం పంపి చూశారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. ఇంకా స్వరతంత్రి దాటలేదు, రేడియేషన్‌తో తగ్గుతుందన్నారు. "మూడు వారాలు దాటినా గొంతు బాగుపడకపోతే చూపించుకోవాలని తెలీదా?" అని కోప్పడ్డారు.

అన్న బతికాడు. గొంతు కూడా చాలావరకు తిరిగొచ్చింది. మేలే జరిగింది కదా అంటారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను, వదిన ఒక మాట చెప్పేదాకా.

"పిలిచినాక అది నవ్వింది సుజాతా. నువ్వు అట్టా నవ్వవు."

అదేమిటో, నా గొంతు దానికెలా వచ్చిందో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా లెక్క తేలలేదు.

మొన్న ఆదివారం మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను. మా ఆయన గబగబా మెట్లెక్కి వచ్చాడు.

"ఇక్కడున్నావా? వంటింట్లోంచి గదా పిలిచినావు?"

నేను పిలవలేదు. ఆయనకు దగ్గు లేదు, గొంతులో ఏ ఇబ్బందీ లేదు.

"ఏమన్నాను?" అని అడిగాను.

ఏమీ లేదులే అని కిందికి దిగిపోయాడు. ఎన్నిసార్లు అడిగినా ఇంతవరకూ చెప్పలేదు.