ఇద్దరు ఫ్నూలు

సువార్తమ్మ పాస్‌పోర్టులో ఉన్నది ఒక్కటే పేరు. అమెరికా కాగితాలకు రెండు కావాలి. లేని పేరు చోట ఏ మహానుభావుడో "ఎఫ్ ఎన్ యూ", అంటే పేరు తెలియదు, అని కొట్టాడు. ఇర్వింగ్‌లో ఆవిడ పనిచేసే హోటల్ లాండ్రీలో సూపర్‌వైజర్ దాన్నే పేరనుకుని "ఫ్నూ" అని పిలుస్తుంది. పక్క మిషను దగ్గరి కరుణమ్మదీ అదే గతి. ఇద్దరిదీ ఒకే తెలుగు చర్చి. సువార్తమ్మకు డ్రైవింగ్ రాదు, రోజూ కరుణమ్మ కారులోనే వస్తుంది.

అక్కడ ఏ వారం పని ఆ వారానిదే. సోమవారం గోడమీది లిస్టులో పేరుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ సోమవారం ఒక్క ఫ్నూనే ఉంది. సువార్తమ్మ మూడుసార్లు చదివింది. ఆ ఒక్కటీ తనేనా?

"ఒకరినే ఉంచమన్నారు," అంది సూపర్‌వైజర్ విసుగ్గా. "మీలో ఈ ఫ్నూ ఎవరు?"

కరుణమ్మ నోరు తెరిచేలోపే సువార్తమ్మ చెయ్యి పైకి లేచింది. దించుదామనుకుంది. దిగలేదు.

కరుణమ్మ ఏప్రాన్ విప్పి మడతపెట్టి, కారు తాళాలు తీసుకుంది.

"సాయంత్రం ఎన్నింటికి రమ్మంటావక్కా?" అంది.