నా పేరు మీది బండి

పోయిన నెల నా పాత మోటారు సైకిలు రిజిస్ట్రేషను పొడిగించుకుందామని వికారాబాద్ వెళ్ళి రవాణా ఆఫీసులో కూర్చున్నాను. గోడకు ఒక తెర, తెర మీద ఎర్రటి అంకెలు, ఎవరి అంకె వెలిగితే వాళ్ళు లేచి పోవడం. నా అంకె వెలిగింది, నేను లేవలేదు. మళ్ళీ వెలిగింది. స్కూటరు పని మీద వచ్చిన పక్క కుర్చీ అమ్మాయి, ఆంటీ మీదే అని మోచేత్తో తట్టినా కదల్లేదు. చెవుడనుకొని ఉంటుంది. చెవుడు కాదు తల్లీ, మొండితనం. ఆ ఊళ్ళోనే ఒకప్పుడు కౌంటరు ముందు నా పేరు పలికించుకోవడానికి నేను పడ్డ తిప్పలు గుర్తొచ్చి, ఒక అంకెకు లేవబుద్ధి కాలేదు. మన కాలంలో ఆడదాని పేరు కాగితం ఎక్కడమంటే ఎంత తతంగమో నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు కదా.

నేను పుట్టింది మలేషియాలో, రబ్బరు తోటల మధ్య ఒక చిన్న ఊళ్ళో. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి పోయినవాళ్ళు. అక్కడ ఆడవాళ్ళు బండి నడపడం ఎవరికీ వింత కాదు. మా అమ్మ తెల్లారకముందే రబ్బరు పాలు తీయడానికి తన చిన్న మోటారు సైకిలు మీదే పోయేది, ముందు తమ్ముణ్ణి, వెనక నన్ను కూర్చోబెట్టుకొని, దారిలో మమ్మల్ని పిన్ని ఇంట్లో దింపేది. తాండూరు నుంచి అక్కడి ఫ్యాక్టరీలో పనికి వచ్చినాయన నన్ను పెళ్ళి చేసుకొని, పని గడువు ముగిసి తిరిగి వస్తూ నన్నూ వెంట తెచ్చుకున్నాడు. అలా తెలుగు మాట్లాడుతూనే తెలుగు ఊళ్ళో పరదేశినయ్యాను, చేతిలో మలేషియా పాస్‌పోర్టు, నోట్లో మా ముత్తాతల నాటి తెలుగు. నేను నోరు తెరిస్తే వాడకట్టంతా నవ్వేది. మామగారు అప్పటికే లేరు. అత్తమ్మ మాత్రం నవ్వేది కాదు, అలాగని పేరు పెట్టి పిలిచేదీ కాదు. మలేషియా పిల్ల అన్నం తిన్నదా, గీ పిల్ల యాడికి పోయింది, ఇంతే. ఆ ఇంట్లో అన్నేళ్ళున్నా నా పేరు ఆమె నోట ఒక్కసారీ వినలేదు.

మా కంది చేను బషీరాబాద్ అవతల. మా ఆయన నాపరాళ్ళ పాలిష్ పనిలో పొద్దంతా రాతి దుమ్ములో ఉండేవాడు, కాబట్టి చేను చూసుకోవడం నా వంతైంది. బస్సు తప్పితే షేర్ ఆటో, ఆ ఆటో నిండా మనుషులెక్కితే గాని కదలదు, నేను చేను చేరేసరికి కూలీలు మొదటి విశ్రాంతికి కూర్చొని ఉండేవాళ్ళు. మా అమ్మ గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు ఫ్యాక్టరీలో నేను కూడబెట్టుకున్న సొమ్ముతో గేర్ల బండి కొన్నాను. లైసెన్సు అంతకుముందే తెచ్చుకున్నాను. బండి ఇంటి ముందు ఆగగానే అత్తమ్మ పసుపు కుంకుమ పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, పెట్టి, ఆడోళ్ళు గిసుంటి బండి నడుపుతె ఊరు నవ్వదా అని లోపలికి పోయింది.

మా ఆయన మంచివాడు, గొడవ ఇష్టం లేనివాడు. నా పేరు మీద రాయిద్దాం, ఒక్క పూటలో అయిపోతుంది, నడిపేది నువ్వే కదా అన్నాడు. నేను వద్దన్నాను. దేశం మారాను, తిండి మారింది, యాస మార్చుకున్నాను, కట్టూబొట్టూ అత్తమ్మకు నచ్చినట్టే మార్చుకున్నాను. నా కష్టంతో కొని నా చేత్తో నడిపే బండికి కూడా నేను ఫలానావారి భార్యగానే మిగలాలా? నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు మొదలు వికారాబాద్ రవాణా ఆఫీసుకు చెప్పులరిగేలా తిరిగాను. పరదేశి కాబట్టి పోలీసుల దగ్గర ఒక కాగితం, ఆ కాగితం మీద ఇంకొకరి ముద్ర, ముద్ర పడ్డాక ఇంకేదో సందేహం. కౌంటరులోని పెద్దమనిషిని తప్పు పట్టను, విదేశీ మనిషి పేరు మీద బండి ఆయన ఎన్నడూ రాయలేదట, పైవాళ్ళు ఏమంటారోనని భయం. అందుకని ప్రతిసారీ, మీ ఆయన పేరు మీద రాద్దామమ్మా అనేవాడు, నేను ప్రతిసారీ కాదనేదాన్ని. చివరికి, ఇంటి యజమాని స్వయంగా వచ్చి ఈమె మా ఇంట్లోనే ఉంటుందని ఎదురుగా చెప్పి సంతకం చేస్తే రాస్తానన్నాడు. ఇల్లు అత్తమ్మ పేరు మీద ఉంది.

అడిగితే అత్తమ్మ వస్తానూ అనలేదు, రాననీ అనలేదు. తీరా ఆఫీసుకు పోయే రోజు పొద్దున నేను బండి మీద బయలుదేరితే, ఆ బండి నేనెక్కనని ఆమె రైల్లో వచ్చింది. కౌంటరులోని పెద్దమనిషి ఆమె పేరు అడిగాడు, చెప్పింది. భర్త పేరు అడిగాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఈడు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు, ఎవరైనా అడిగితే పక్కవాళ్ళ చేత చెప్పిస్తారు. ఆయన మళ్ళీ అడిగాడు, అత్తమ్మ నా వైపు చూసింది. కోడళ్ళు మామ పేరు పలకరాదని ఆ ఇంట్లో పట్టింపు ఉందని తెలిసీ నేనే గట్టిగా చెప్పేశాను. ఆయన రాసుకొని, కలం పక్కన పెట్టి, చివరిసారిగా అత్తమ్మనే పట్టుకున్నాడు.

“నువ్వన్న చెప్పమ్మా. నీ కొడుకు పేరు మీద రాస్తె మీకూ నిమ్మళం, నాకూ నిమ్మళం.”

అత్తమ్మ అసలే బండి వద్దన్న మనిషి. ఆమె ఊ అంటే చాలు, నా తిరుగుడంతా గంగపాలు.

“నిమ్మళమా సారూ?” అంది అత్తమ్మ కొంగు తీసి. “మా ఆయన పోయినంక మా మర్దులు గూడ గిదే మాట అన్నరు. ఇల్లు నీ పేరు మీదెందుకు వదినా, పిల్లగాని పేరు మీద రాయి, నిమ్మళంగుంటవ్ అన్నరు. నేను రాయలే. గందుకే ఇయ్యాల సంతకానికి నన్ను పిలిచినవ్. బండి గీమె నడుపుతది, గీమె పేరే రాయి.”

అని, మొగుడి పేరు పలకని ఆ నోటితో నా పేరు పలికింది. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. ఆయన కలం కదిలేదాకా చూసి, “రాసినవా?” అని అడిగింది.

బయటికి వచ్చాక స్టేషను దారి పట్టలేదు, బండి పక్కన నిలబడి, యాడ పట్టుకోవాలె అంది. పక్కకు తిరిగి కూర్చొని, ధారూర్ దాకా నా భుజం గట్టిగా పట్టుకుంది, అక్కణ్ణుంచి పట్టు వదులు చేసింది. తాండూరులో మా వీధి తిరిగేసరికి అరుగుల మీద వాళ్ళు చూసి నవ్వారు. “నవ్వనీ, నవ్విన నాపచేనే పండుతది” అంది వెనక నుంచి. ఇంట్లోకి అడుగు పెట్టగానే నేను మళ్ళీ మలేషియా పిల్లనే. ఆమె పోయేదాకా అదే పిలుపు. నాకదేం బాధ అనిపించలేదు, నా పేరు ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పింది.

తర్వాత పౌరసత్వం తీసుకొని నేను ఈ దేశపు మనిషినే అయ్యాను. ఇప్పటికీ చేను ఉంది, బండి ఉంది, ఆఫీసులో నా పక్క కుర్చీ అమ్మాయి స్కూటరు ఆమె పేరు మీదే ఉంది, మీ ఆయనేడీ అని ఆమెను ఎవరూ అడగలేదు. మంచిదే, నేను కోరుకున్నదీ అదే. మూడోసారి అంకె వెలిగాక కౌంటరు కుర్రాయన తల బయట పెట్టి, మేడమ్ మీ నంబరే కదా అన్నాడు. పేరు పెట్టి పిలవండి, వస్తాను అన్నాను. వింతగా చూసి, కంప్యూటరులోకి తొంగి చూసి, నా పేరు పైకి చదివాడు. లేచి వెళ్ళాను. పని చిటికెలో అయిపోయింది. అయినా కౌంటరు వదిలి రాబుద్ధి కాక కాసేపు అలాగే నిలబడ్డాను. నా వెనక నిలబడి, రాసినవా అని అడిగే మనిషి లేదు.