కెమెరాకి కీ ఇస్తున్నదెవరు

ఆ ఆదివారం నేను హల్దియాపదర్‌లోని మా ఇంటి నుంచి గోసాని నువాగాంలోని పుట్టింటికి వెళ్ళగానే, నాన్న నన్ను ముందు గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

“నా కెమెరాకి ఎవరో కీ ఇస్తన్నారు,” అన్నాడు గొంతు తగ్గించి.

అది సినిమా తీసే పాత రష్యా కెమెరా. దానికి బ్యాటరీ ఉండదు. పక్కనున్న కీని గోడగడియారానికి తిప్పినట్టు తిప్పితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. మీట నొక్కితే కర్రుమంటూ అర నిమిషంలోపే ఫిల్మును నడిపి ఆగిపోతుంది. నాన్న ఖల్లికోటలో సైన్సు మాస్టారుగా ఉన్న రోజుల్లో, విశాఖపట్నం వదిలి తన దేశానికి వెళ్ళిపోతున్న ఒక రష్యా ఇంజనీరు దగ్గర కొన్నాడు. ఇప్పుడు దానికి ఫిల్ము దొరకదు. దొరికినా కడిగేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. అయినా అప్పుడప్పుడు తీసి, తుడిచి, నడిపి, స్ప్రింగు పూర్తిగా వదులయ్యాకే బీరువాలో పెడతాడు. బిగించి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందంటాడు.

“సూడు,” అని మీట నొక్కాడు. కెమెరా జోరుగా తిరిగింది.

“నువ్వే మర్సిపోయుంటావు నాన్నా.”

“పేరైనా మర్సిపోతాను గానీ ఇది మర్సిపోను. ఆ వెనక వాటా కుర్రాడు పాత సామాన్లు ఫోన్లో అమ్ముతాడంట. పొద్దున్నే పేపరుకని వస్తాడు. వచ్చినోడు బీరువా వైపే సూస్తాడు.”

ఆ కుర్రాడు వెనక వాటాలో అద్దెకుంటున్న ఒక ఒడియా లెక్చరరు. నెమ్మదైన మనిషి, నాన్నని బాబాయి వరసలో మౌసా అని పిలుస్తాడు. నేను తిరిగి వెళ్తుంటే గేటు దగ్గర ఆపి, మౌసా తనకు పేపరు ఇవ్వడం మానేశారు, తన వల్ల తప్పేమైనా జరిగిందా అని ఒడియాలో అడిగాడు. నవ్వి వచ్చేశాను.

నా అనుమానం వేరు. నాన్నకే మతిమరుపు మొదలైందేమోనని నా భయం. ఫోన్లో ఆయన ఒక మాటకి తడుముకున్నా అదేననిపించేది. అమ్మని అడిగితే మునక్కాడలు కోస్తూ, “ఆ యంత్రం గొడవ నాకేటి తెల్సు,” అంది. తల ఎత్తలేదు. దేనికైనా పది ప్రశ్నలు వేసే మనిషి ఇంత తొందరగా ఊరుకోవడం అప్పుడు నాకు వింతగా తోచలేదు.

ఆ స్ప్రింగు మా ఇంటికి అంతకుముందే చేటు చేసింది. పెదనాన్న కూతురి పెళ్ళిని నాన్నే ఆ కెమెరాతో తీశాడు. మద్రాసులో కడిగించిన ఫిల్మును గోడ మీద దుప్పటి కట్టి వేసి చూశాం. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని లేచాడు, ఆ వెంటనే అక్షింతలు పడుతున్నాయి. మధ్యలో మూడుముళ్ళు లేవు. సరిగ్గా అప్పుడే స్ప్రింగు అయిపోయింది. నాన్న మళ్ళీ కీ ఇచ్చేలోగా ముళ్ళు పడిపోయాయి.

“కావాలనే ఆపేసినావు. నా ఇంట శుభం నువ్వు సూడలేవు,” అన్నాడు పెదనాన్న అందరి ముందూ.

నాన్న కెమెరా చంకన పెట్టుకుని వచ్చేశాడు. వాళ్ళిల్లు రెండు వీధుల అవతలే. అయినా మాలో ఎవరూ ఆ గడప తొక్కకూడదన్నాడు. పోయిన ఎండాకాలం పెద్దమ్మ పోయినప్పుడు కూడా, బయల్దేరిన అమ్మని గేటు దగ్గరే ఆపేశాడు.

తరవాతి ఆదివారం నేనే నాన్న ఎదుట కెమెరా నడిపి, స్ప్రింగు వదులయ్యాక బీరువాలో పెట్టాను. సెలవు పెట్టి అక్కడే ఉండిపోయాను. మర్నాడు సాయంత్రం నాన్న వాకింగుకి వెళ్ళాడు. నేను బజారుకెళ్ళి తొందరగా తిరిగొచ్చేసరికి బీరువా బార్లా తెరిచి ఉంది. కెమెరా లేదు. ముందు వెనక వాటా వైపే పరిగెత్తాను. తాళం వేసి ఉంది. నాన్న అనుమానం నాకూ అంటుకుందని సిగ్గేసింది. అంతలో డాబా మీద కరకరమని చప్పుడైంది.

అమ్మ పిట్టగోడ మీద కెమెరా ఆనించి కీ తిప్పుతోంది.

“ఏటి సేస్తన్నావమ్మా?”

ఆవిడ ఉలిక్కిపడలేదు. “కీ ఇవ్వకపోతే దూరానివి కనపడవు కదా. మీ నాన్న కీ ఇచ్చే కన్నెట్టీవోడు,” అంది. చూడటానికి కీ అక్కర్లేదని చెప్పబోయి ఆగాను. ఆవిడ పక్కకు జరిగింది. “నువ్వే సూడు.”

దూరాన్ని దగ్గరకు లాగే లెన్సు అది. ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకులు దాటి పెదనాన్న వరండా కనిపించింది. బల్ల మీద పెదనాన్న. పక్కన మా నాన్న. నాన్న వేరుశనక్కాయలు ఒలిచి పెదనాన్న చేతిలో వేస్తున్నాడు.

“వాకింగంటాడు. సెప్పులు అరగవు, సొక్కా తడవదు. దసరా ముందు అనుమానమొచ్చింది,” అంది అమ్మ.

“అడక్కపోయావా?”

“ఏటని అడగను? ఆవిడ పోయినప్పుడు ఒక్కసారి మొహం సూసొస్తానన్నాను. గేటు దాటనీలేదు. ఇప్పుడు తను ఎల్లి కూకుంటన్నాడు.” కొంగుతో లెన్సు తుడిచింది. “మీ పెదనాన్నకి వండేవోళ్ళు లేరు. సిక్కిపోయేడు, సూసేవా?”

మర్నాడు సాయంత్రం నాన్న చెప్పులేసుకుంటుంటే అమ్మ టిఫిన్ క్యారియర్ తెచ్చి చేతికిచ్చింది.

“దప్పళం. మీ అన్నకి బీపీ కదా, ఉప్పు తక్కువేసేను.”

నాన్న ఆవిడ వైపు చూశాడు, తరవాత నా వైపు. క్యారియర్ పట్టుకెళ్ళాడు. చీకటి పడ్డాక కడిగిన గిన్నెలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

“నా ఎనకాల వచ్చినావా?” అని నన్నడిగాడు.

“లేదు నాన్నా.”

“మరి మీ అమ్మకి ఎవరు సెప్పేరు?”

వంటింట్లో అమ్మ కుళాయి తిప్పింది. నేను ఆ మాట దాటేసి, లెక్చరరు మీద అనుమానం పోవాలని, కెమెరాకి కీ ఇచ్చింది నేనేనని మాత్రం చెప్పాను. ఆయన నమ్మలేదు. అయినా మరుసటి పొద్దున లెక్చరరుకి పేపరు తానే తీసుకెళ్ళి ఇచ్చాడు.

పెద్దమ్మ సంవత్సరీకానికి అమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. నాన్న ఆపలేదు. పెదనాన్న గుమ్మంలోకి వచ్చి, “రామ్మా,” అన్నాడు. అమ్మ నేరుగా లోపలికి నడిచి, పెద్దమ్మ ఫోటో ముందు చాలాసేపు కూర్చుంది.

ఇప్పుడు ఇద్దరూ కలిసే వెళ్తున్నారు. చెప్పులు అరగకపోవడం చూసి తన వాకింగు సంగతి అమ్మకు చేరవేసింది నేనేనని మాత్రం నాన్న అనుమానం. నేను వస్తున్నానంటే చాలు, తన చెప్పులు తీసి బీరువా వెనక పెట్టుకుంటున్నాడట.