గేటు దగ్గరి సైకిల్

ఈ నెల మొదటి ఆదివారం ఉదయం, తిరుపతిలో మా ప్రార్థన మందిరం నుంచి, మంచం పట్టినవాళ్లకు ఇచ్చే ప్రభువు సంస్కారపు రొట్టె, ద్రాక్షారసం ఉన్న సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చి చూస్తే, నేను ఆవరణలో నిలిపిన ఆకుపచ్చ అద్దె సైకిల్ కనబడలేదు. కూడళ్ల దగ్గర వరుసగా నిలబెట్టి, సెల్ ఫోను చూపిస్తే తాళం తెరుచుకునే ఆ సైకిళ్లను మీరూ చూసే ఉంటారు. మోకాళ్లకు మంచిదని వైద్యుడు చెప్పడంతో మా అబ్బాయి చేత యాప్ వేయించుకుని, నెల రోజులుగా కూరగాయలకూ ప్రార్థనకూ వాటి మీదే తిరుగుతున్నాను. తిరుగుతున్నాను అనడం కంటే వాటితో పోరాడుతున్నాను అనడమే నిజం. ఒకదానికి గాలి ఉండదు, ఒకదానికి సీటు దిగదు, అన్నీ బాగున్నదానికి తాళం రాదు. మధ్యలో ఎక్కడైనా ఆగాలంటే ఫోనులో నొక్కి, వెనక చక్రం దగ్గరి తాళాన్ని టక్కుమనేదాకా కిందికి లాగాలి. ఫోనులో నొక్కాను గానీ తాళం లాగలేదు. మందిరం ఆవరణలో సైకిల్‌కు తాళం వేయడం మా తరం వాళ్ల చేతికి రాదు.

చిత్తూరు కోర్టులో నకళ్లు రాసే గుమాస్తాగా నేను కొత్తగా చేరిన రోజుల్లో, అక్కడి మా సంఘం మొత్తానికి ఏడెనిమిది సైకిళ్లకు మించి ఉండేవి కావు. సంఘ పెద్ద అయిన మా నాయన పెట్టిన వాడుక ఏమిటంటే, ఆరాధన ముగిశాక రోగులను చూడబోయేవాడు గేటుకు దగ్గరగా ఉన్న సైకిల్ ఏదైతే అది తీసుకుని వెళ్లిపోవడమే, ఎవరిదని చూడనక్కరలేదు. ప్రభువు కోసం శిష్యులు ఊరివారి గాడిదపిల్లను విప్పుకుని వచ్చిన సంగతి చెప్పి, ఇవి మన గాడిదపిల్లలు, వీటికి తాళం వేసినవాడు ఆయన దారికి అడ్డం నిలిచినట్టే అనేవాడు. నేను మోజుపడి కొన్న కొత్త సైకిల్ కూడా అలాగే ఒక ఆదివారం మాయమై, మంగళవారం పెనుమూరు దారి బురదంతా పూసుకుని, హ్యాండిల్‌కు ఒక సంచెడు నీలం రకం మామిడికాయలు తగిలించుకుని తిరిగి వచ్చింది. నేను మొహం ముడుచుకుంటే నాయన నవ్వి, "దేవుని పనికి పోయిన చక్రం అరిగిపోదులేరా, తుడుచుకో" అన్నాడు.

ఆ సైకిళ్లు తొక్కినవాళ్లలో ఇప్పటికీ నాతో ఉన్నవాడు మా బావ ఒక్కడే. ఆకుపచ్చ సైకిల్ తీసుకుపోయింది ఆయనేనని గేటు దగ్గర చెప్పులు సర్దే ఆమె చెప్పింది. ఆయనకు చేద్దామంటే, ఆరాధనకని కట్టేసిన ఫోను మళ్లీ ఆన్ చేయనేలేదు.

నా కంగారంతా మా పెద్దమ్మ కోసం. తొంభై దాటిన మనిషి, మంచం దిగలేదు, పైగా షుగరు. మొదటి ఆదివారం సంస్కారం పుచ్చుకోనిదే కాఫీ చుక్క కూడా ముట్టదు. తొమ్మిదిన్నరకల్లా కొర్లగుంటకు వస్తానని మాట ఇచ్చాను. వీధి చివర స్టాండులో ఇంకా మూడు సైకిళ్లు ఉంటే పరుగున వెళ్లి ఒక్కొక్కదానికీ ఫోను చూపించాను. మీ ప్రయాణం ఇంకా ముగియలేదు అని మూడింటికీ ఒకటే జవాబు. నేను నడిరోడ్డు మీద నిలబడి ఉండగా నా ప్రయాణం బావతో పాటు ఎక్కడో సాగుతోంది. సహాయానికని ఇచ్చిన నంబరులో ఒక గొంతు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుందే తప్ప నా గోడు వినదు. దేవుడు క్షమించాలి, సంస్కారపు సంచి భుజాన ఉండగానే ఆ గొంతును కసిరాను. ఆటోవాళ్లు అలిపిరికైతే ఎక్కమంటారు గానీ కొర్లగుంట సందుల్లోకి రారు. మోకాళ్లు పట్టుకుని నడిచాను.

చేరేసరికి పదకొండు కావస్తోంది. షుగరు పడిపోయి పెద్దమ్మ నుదుట చెమట, చేతులు చల్లబడి వణుకుతున్నాయి. ఆమె కూతురు, మా అక్క, ఒక చేత్తో ఇడ్లీ, ఒక చేత్తో చక్కెర నీళ్లు పట్టుకుని ఏడుపు మొహంతో బతిమాలుతోంది. ఎప్పుడూ సాగదీసి ప్రార్థన చేసే నేను ఆ రోజు రెండు మాటలతో ముగించి, రొట్టె విరిచి నోటికందించాను. పాత్రలోని ద్రాక్షారసం తాగించాక, చక్కెర నీళ్లు దిగాక, పెద్దమ్మ కళ్లు తెరిచి, "మీ నాయన వానలో గూడా ఇంత పొద్దు చేసింది లేదురా" అంది. ఆ తిట్టు వినేదాకా నా గుండె కుదుటపడలేదు.

మధ్యాహ్నం బావ దొరికాడు. "యాడికి పోయినావు బావా?" అని అరిచాను.

"పెద్దాసుపత్రిలో రోగుల్ని జూసేదానికబ్బా. గేటు కాడుంటే ఎత్తుకోని పోయినా. బలే ఉండాది గానీ బెల్లు మోగదు."

అది మనది కాదనీ, తీసుకున్నవాడి ఫోనుకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోదనీ, పెద్దమ్మ ప్రాణం మీదికి వచ్చిందనీ, నోటికి వచ్చినదంతా అనేశాను. 

"ఊర్లో అందరికనీ పెట్టినారంటివి గదబ్బా?" అన్నాడు బావ.

తర్వాతి ఆదివారం జల్లు పడుతోంది. బావ ఆసుపత్రికి బయల్దేరి, వసారాలో ఉన్న నా గొడుగు దగ్గర ఆగి, నా వైపు తిరిగి, తీసుకోవచ్చునా అని అడిగాడు. యాభై ఏళ్లలో మా మధ్య ఆ మాట రావడం అదే మొదటిసారి. ఊరంతా సైకిళ్లు వచ్చాయి, సంతోషమే. కానీ నావి అడగకుండా తీసుకునే మనిషి నాకు మిగిలింది ఈయన ఒక్కడే, ఆయనకూ అడగడం నేనే నేర్పిపెట్టాను.