రింగు తిప్పే పని నాది

కొత్త కెమెరా కొని దానికి పాత లెన్సు తగిలించడం ఏం తెలివి అని మమ్మల్ని అడగనివాళ్లు లేరు. తిరువళ్లూరులో మా స్టూడియోకు వచ్చే కుర్రకారైతే ఆ లెన్సును చేతిలోకి తీసుకుని, బరువు చూసి, ఇది పనిచేస్తుందా అక్కా అని జాలిగా అడుగుతారు. ఎందుకు పనిచేయదు? మధ్యలో ఒక అడాప్టర్ బిగిస్తే చక్కగా కూర్చుంటుంది. దానికి మోటారు లేదు, అంతే. మొహాన్ని తనంతట తాను వెతికి పట్టుకోవడం దానికి రాదు. లెన్సు చుట్టూ ఉన్న రింగును మనమే చేత్తో తిప్పుకోవాలి. అటు తిప్పితే దగ్గరివి తేటపడతాయి, ఇటు తిప్పితే దూరానివి.

ఆ లెన్సు మా బావది. బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్లికి ముందూ బావే, పెళ్లయ్యాకా బావే. ఫిల్ము రోజుల్లో కొన్న యాభై ఎంఎం లెన్సు అది. దానితోపాటు వచ్చిన కెమెరా ఎప్పుడో మూలపడింది గానీ లెన్సును మాత్రం బావ వదల్లేదు. ఎండాకాలంలో లోపలి గ్రీజు పలచబడి రింగు జారిపోతుంది. మార్గళి నెల చలికి బిగుసుకుంటుంది. లోపలి అద్దానికి ఒక మూల ఫంగస్ కూడా పట్టింది. నేను ఇన్ని వేషాలు వేస్తే ఒక్కరోజు కూడా ఓర్చుకోవుగదా, దాన్ని మాత్రం నెత్తిన పెట్టుకుంటావే అని దెప్పేదాన్ని. బావ నవ్వేవాడు.

పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ మేమూ అందరిలాగే కొత్త లెన్సులే వాడతాం. పాత లెన్సు బయటికి వచ్చేది ఒక్క తిరుత్తణి పనికే. అక్కడి కొండ మీది గుడిలో మొక్కు చెల్లించుకునే పిల్లల గుండు ఫోటోలు మా స్టూడియోకు పాత బేరం. గుండును మా పక్క మొట్ట అంటారు. పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి మొట్ట కొట్టిస్తారు, చెవులు కుట్టిస్తారు. ఆ ఏడుపు చూడాలి. కొండంతా వినబడుతుంది. అది అయ్యాక నీళ్లు పోసి, తలకు గంధం పూసి, కొత్త బట్టలు తొడిగి మళ్లీ మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు. అప్పుడు తీయాలి ఫోటో. ఎర్రబడ్డ కళ్లతో, పచ్చటి గుండుతో ఆ పిల్ల నవ్వాలి. ఆ ఒక్క ఫోటో మాత్రం బావ పాత లెన్సుతోనే తీసేవాడు. లెన్సు లోపలి రంధ్రాన్ని పూర్తిగా తెరిచి తీస్తే కంటికి ఫోకస్ ఉన్నప్పుడు చెవికి ఉండదు, వెనకాల ఉన్న జనమంతా మెత్తగా కలిసిపోతారు. గంధం రంగు కూడా ఆ లెన్సుకు వచ్చినట్టు మరిదేనికీ రాదని ఆయన పట్టుదల.

కాసేపటి ముందు దాకా గుక్కపట్టి ఏడ్చిన పిల్ల నవ్వడం మాటలా? అక్కడే బావ గొప్పతనం. అందగాడేమీ కాదు గానీ ఆయన మొహం ఎటు లాగితే అటు సాగేది. ఒక కనుబొమ్మను పైకి పంపించి రెండోదాన్ని కిందే ఉంచేవాడు. కింది పెదవితో ముక్కును అందుకోబోయేవాడు. "ఇంగ పారు కన్నా" అని, ఇటు చూడమని అరవంలో పిలిచి, పిల్ల ఇటు తిరగ్గానే బుగ్గలు పూరించి చప్పున వదిలేసేవాడు. మొహం ఇన్ని పనులు చేస్తుంటే చేయి తన పాటికి తాను రింగు తిప్పుతూ ఉండేది. నేను పక్కన వెలుతురు పిల్ల మీద పడేలా తెల్ల గుడ్డ పట్టుకుని నిలబడి పిల్లతో పాటు నవ్వేదాన్ని. ఎన్నేళ్లు చూసినా నాకు నవ్వు ఆగేది కాదు.

"నవ్వు ఎనకాల పరిగెత్తకూడదే," అనేవాడు నాతో. "అది వచ్చే తావులో ముందే ఫోకస్ పెట్టుకోని కూసోవాల. వస్తాది."

కొన్నాళ్లకు ఆ నవ్వులే రావడం మానేశాయి. ముందు పిల్లలదే తప్పనుకున్నాం. పాలు తాగేటప్పుడు కూడా ఫోన్ చూసే పిల్లలకు మనిషి మొహం ఏం ఆనుతుంది అని నేను విసుక్కున్నాను. నీ మొహం పాతబడింది బావా, కొత్తది కొనుక్కో అని ఆటపట్టించాను కూడా. ఒకసారి అరక్కోణం నుంచి వచ్చిన ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, "అణ్ణన్ ఏన్ కోబమా ఇరుక్కారు?" అని అడిగింది. అన్న ఎందుకు కోపంగా ఉన్నాడని. నేను తిరిగి చూశాను. బావ కెమెరా వెనక నిలబడి ఉన్నాడు. కోపం లేదు, విసుగు లేదు. మొహంలో ఏదీ లేదు. పిల్లను మామూలుగానే పిలుస్తున్నాడు, గొంతు మాత్రం బాగా తగ్గింది.

తర్వాత చేయి మొదలైంది. రింగు మీద వేళ్లు నిదానమయ్యాయి, కొంచెం తిప్పబోతే ఎక్కువ తిరిగేది. చెన్నైలో చూపించాం. పార్కిన్సన్ అని చెప్పింది డాక్టరమ్మ. చిన్న వయసే గానీ ఓపికగా చెప్పింది. చేతులూ కాళ్లూ నిదానిస్తాయి, మొహంలో కదలిక తగ్గుతుంది, మాత్రలు వేళకు వేసుకుంటే కొంత సర్దుకుంటుంది అని. నేను ఆ చివరి మాటనే పట్టుకుని బస్సెక్కాను.

ఆ లెన్సును ఇంక బీరువాలో పెట్టేద్దామన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. మా పుట్టిల్లు పొదటూరుపేటలో, నేత ఇల్లు. తెగిన పోగును వెతికి అతుకుతూ పెరిగిన చేతులు నావి, ఒక రింగు తిప్పలేనా? అప్పట్నించి కెమెరాను స్టాండు మీద పెట్టి ఇద్దరం కలిసి తీయడం మొదలుపెట్టాం. వెనక తెర చూసేది ఆయన. పక్కన వంగి రింగు తిప్పేది నేను. "ఇంకొంచెం... ఇంకా... నిలుపు" అనేవాడు. నేను ఆపేదాన్ని. మొదట్లో ఒకటీ కుదరక ఒకరి మీద ఒకరం చిరాకు పడ్డాం. మెల్లగా అలవాటైంది. ఆయన "నిలుపు" అనబోతుండగానే నా చేయి ఆగిపోయేది. పిల్లల్ని నవ్వించే పని కూడా నామీదే పడింది. నాకు అంత విద్య లేదు. అయినా ఏవో తిప్పలు పడేదాన్ని.

ఈ మధ్యే నాకు ఒక దిగులు పట్టుకుంది. ఇన్ని వేల మొహాలు తీసిన మనిషి నవ్వుతున్న ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. పెళ్లి ఫోటోలో అప్పటి అందరి మాదిరే బిగదీసుకుని నిలబడ్డాడు. తర్వాత ప్రతి ఫంక్షన్లోనూ కెమెరా వెనకాలే ఉన్నాడు. చుట్టాల ఫోన్లలో వెతికించాను. అరిటాకు ముందు కూర్చుని తింటున్నవి, పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నవి దొరికాయి. ఆ నవ్వు ఎలా ఉండేదో నాకు తెలుసు, కానీ ఎన్నాళ్లు గుర్తుంటుంది? దాన్ని ఒక్కసారి తీసి పెట్టుకోవాలి. ఉన్న కాస్తా పోకముందే తీయాలి. కూరగాయలు తరుగుతున్నా ఇదే ఆలోచన.

ఒక మొట్ట పని కోసం తిరుత్తణి వెళ్లాం. ఆడపిల్ల, ఏడాది నిండి ఉంటుంది. మేనమామ ఒళ్లో కుదురుగానే కూర్చుంది. బావకు ఏం తోచిందో, నన్ను ఆగమని తనే ముందుకు వచ్చి "ఇంగ పారు కన్నా" అన్నాడు. పిల్ల చూసింది. ఆ మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయి, పెదవి విరిచి, మామ భుజంలో తల దాచుకుని ఏడ్చింది. ఎంత సముదాయించినా మళ్లీ ఇటు తిరగలేదు. వాళ్లు మంచివాళ్లు, పరవాలేదన్నా అని తామే సర్దిచెప్పి, వీపు కనబడే ఫోటోతోనే కొండ దిగారు.

బావ అక్కడున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు. "ఇంక నేను పిల్లకాయల ముందర నిలబడనే," అన్నాడు. "భయపడతా ఉండారు."

"సరే, నిలబడొద్దు," అన్నాను. "ఆ కూసున్నది అట్నే కూసో. నిన్ను తీస్తాను."

"నన్నా? ఎందుకు?"

"నాకు కావాల బావా."

చొక్కా గుండీ పెట్టుకోబోతే వేళ్లు తడబడ్డాయి, నేను పెట్టాను. మాత్ర వేసుకుని కాసేపైంది, పొద్దున ఆయనకు ఒళ్లు కొంచెం తేలికగా ఉండే వేళ. వెలుతురు మంచిగా ఉంది. కెమెరా వెనక ఉండే చిన్న కిటికీకి కన్ను ఆనించి, బటన్ నొక్కి పెద్దది చేసి చూస్తే ఆయన కుడి కన్ను ఒక్కటే నిండా కనబడింది. రింగు తిప్పి రెప్ప వెంట్రుకల మీద నిలిపాను. ఆయన చెప్పకుండా నేను ఒంటరిగా పెట్టిన మొదటి ఫోకస్ అది. మళ్లీ మొహమంతా కనబడేలా మార్చుకుని, ఆయన నేర్పినట్టే ఎదురుచూస్తూ నిలబడ్డాను.

నవ్వించాలి కదా. మా పెళ్లికి ముందు బావ పొదటూరుపేటకు మొదటిసారి కెమెరా తెచ్చినప్పుడు, మా నేత వీధిలో వాళ్లందర్నీ తలలు దువ్వించి వరసగా నిలబెట్టి, తీరా ఫిల్ము వేయడం మరిచి ఫోటో తీశాడు. ఆ మాట ఎప్పుడెత్తినా ఆయనకు నవ్వు ఆగదు, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుతాడు.

"ఏం బావా," అన్నాను, "మా వీధిని వీధినే నిలబెట్టి, ఫిల్ము లేకుండా ఫోటో తీసిన మొనగాడివి గదా నువ్వు. మా తాత వారం దినాలు నీ ఫోటో కోసరం వాకిట్లో కూసున్నాడే."

చూస్తున్నాను. మొహం అలాగే ఉంది. వినబడలేదేమో అనుకున్నాను. ఆ పిల్ల ఏడుపు ఇంకా మనసులో ఉందేమో అనుకున్నాను. ఫోకస్ పోయినట్టు నటిస్తూ రింగును అటూ ఇటూ కదిపాను. ఆయన మొహం మసకబారింది, తేటపడింది, మళ్లీ మసకబారింది. నవ్వు మాత్రం రాలేదు.

"ఏమే, ఇంకా కాలేదా?" అన్నాడు బావ. "ఎంతసేపని నవ్వతా ఉండేది? దవడలు నొస్తా ఉండాయి."

నా చేయి రింగు మీదే ఆగిపోయింది. కెమెరా లోపల ఆయన కన్ను, బుగ్గ, మూసిన పెదవులు, అన్నీ తేటగా కనబడుతున్నాయి. ఏదీ కదల్లేదు. ఏడుపు తన్నుకొచ్చింది. కెమెరా మొహానికి అడ్డం ఉండబట్టి సరిపోయింది. ఫోటో తీశాను.

"చూపించు," అన్నాడు.

వెనక తెర మీద ఎండ పడకుండా నా కొంగు అడ్డం పెట్టాను. బావ వంగి చాలాసేపు చూశాడు. అలవాటు కొద్దీ వేలితో పెద్దది చేసి కన్ను చూశాడు. తర్వాత నోటి దాకా జరిపి చూశాడు.

"ఫోకస్ కరెక్టుగా పెట్టినావు," అన్నాడు.

నేను ఊఁ అన్నాను.

"నేను నవ్వినానే," అన్నాడు. గొంతు చాలా చిన్నదిగా ఉంది. "నువ్వు చూసినావు గదా?"

"చూసినాను బావా," అన్నాను.

చూడలేదు. ఆయన నవ్వింది నాకోసం, నా ఎదురుగానే. దవడలు నొప్పి పుట్టేదాకా నవ్వాడు. నేను రింగు పట్టుకుని అది ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్నాను.